చెత్త జాబితాలో మూడు వందల పదిహేడు

డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు.

పద్నాలుగేళ్ళుగా ఆ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న మిషనక్క ఆయన రెండు చేతులూ అలా కలవడం ఎన్నడూ చూడలేదు. ఎవరినైనా మెచ్చుకోవాల్సి వస్తే మహా అయితే గొంతు సవరించుకునే మనిషి. అలాంటివాడు సోమవారం ఉదయం పదిన్నరకి, ఇరవై మంది ఎదుట, కుర్చీలోంచి లేచి మరీ చప్పట్లు కొట్టాడు.

కొట్టింది మిషనక్క కోసం కాదు. ఆమె చెల్లెలి కోసం.

"పాతపేటలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయి? షుగర్ లేదు, బీపీ లేదు, మీదపడ్డ వయసూ లేదు. నాలుగేళ్ళుగా తిండి చూశాం, గాలి చూశాం, పొగ చూశాం. ఈ అమ్మాయి రక్తంలోనే పట్టుకుంది," అంటూ బోర్డు మీద అరచెయ్యంత అంకెలు వేశాడు. 317. "జబ్బున్న రెండు వందల మందిలో కొండంత. వేరే పేటల్లో జబ్బు లేని రెండు వందల మందిలో పిసరంత."

అందరూ పిచ్చుక వైపు తిరిగారు. చిన్నప్పుడు ఇంట్లో పెట్టిన ముద్దుపేరు అది. ఇప్పుడు డైరెక్టర్ దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరూ అలాగే పిలుస్తారు. తల వంచుకుని సిగ్గుపడింది. ఆ సిగ్గు కూడా దానికి కొలిచి కుట్టించినట్టు నప్పుతుంది అనుకుంది మిషనక్క. కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది.

ఆ మంటతోనే బోర్డు వైపు మళ్ళీ చూసింది. మూడు వందల పదిహేడు.

ఆ అంకె ఆమెకి తెలుసు. బాగా తెలుసు.

మిషనక్కకి ఆ పేరు తెచ్చిన, ఆమె నడిపే యంత్రం అణువులని తూస్తుంది. ఒక చుక్క రక్తం లోపలికి పంపితే అందులోని వేల పదార్థాలని విడదీసి, 317లాంటి అంకెతో ఒక్కోదాని బరువు చెబుతుంది. తెరమీద ఒక్కో పదార్థం ఒక్కో పీక్‌గా, సూదిమొనలా లేస్తుంది. మనిషి తిన్నది, తాగింది, పీల్చింది, మింగిన మాత్ర, పూసుకున్న రంగు, వాటన్నిటినీ ఒళ్ళు ఏం చేసిందో ఆ లెక్కంతా అక్కడ కనబడుతుంది. అయితే ఆ సూదుల్లో చాలావాటికి రోగితో సంబంధం ఉండదు. గొట్టం ప్లాస్టిక్ నుంచి, చేతి తొడుగు నుంచి, చివరికి ఆపరేటర్ రాసుకున్న క్రీము నుంచీ వస్తాయి. అందుకే ప్రతి విడత మొదట్లో ఒక ఖాళీ గొట్టంలో శుద్ధి చేసిన నీళ్ళు పోసి నడుపుతారు. దాన్ని బ్లాంక్ అంటారు. బ్లాంక్‌లో లేచిన పీక్ ఏదైనా సరే, అది ల్యాబ్ మురికి. చెత్త జాబితాలో రాసేసి మళ్ళీ దాని మొహం చూడరు.

మిషనక్క చెత్త జాబితాలో పదకొండు వందల అంకెలున్నాయి. అందులో 317 ఒకటి. ఆరేళ్ళ క్రితం ఆమె స్వయంగా రాసింది.

అంటే చెల్లెలు పట్టుకున్నది ల్యాబ్ మురికిని.

నోరు తెరిస్తే ఒక్క నిమిషం పని. "సార్, అది బ్లాంక్‌లో కూడా ఉంది," అంటే చాలు. మిషనక్క నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే డైరెక్టర్ అన్నాడు:

"గురువారం సమీక్ష కమిటీ వస్తోంది. బయటి నుంచి మనుషుల ఒంట్లోకి ఏం చేరుతోందో చూసే కొత్త ఎక్స్‌పోజర్ విభాగానికి అధిపతి ఎవరో ఆ రోజే తేలుతుంది. మన సంస్థలోంచి ఇద్దరి పేర్లు వెళ్ళాయి, అక్కాచెల్లెళ్ళవి. కానీ ఇది విన్నాక వాళ్ళు పెద్దగా ఆలోచించరనుకుంటా."

మిషనక్క నోరు మూసుకుంది. గురువారం దాకా మూసుకునే ఉండాలని ఆ క్షణంలోనే నిర్ణయించుకుంది.

*

మీటింగ్ అయ్యాక చెల్లెలు నడవాలో పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏంటక్కా, నువ్వొక్క మాటా మాట్లాడలేదు?"

"అందరూ మాట్లాడుతున్నారుగా. నాకు టోకెన్ దొరకలేదు."

"చూశావా, కోపమొచ్చింది. నీ చెత్త జాబితా పక్కన పెట్టేశాననేగా? ఒట్టు, నీ మీద అపనమ్మకం కాదే. పదకొండు వందలంటే మరీ ఎక్కువ అనిపించింది. మంచివి కూడా అందులో పడిపోయాయేమోనని రోగులవీ, బాగున్నవాళ్ళవీ చెత్త తీసెయ్యని మొదటి ఫైళ్ళు తీసి మళ్ళీ లెక్కగట్టా."

బ్లాంక్ ఫైళ్ళు? అని అడగబోయి మిషనక్క నాలుక కరుచుకుంది. అడగక్కర్లేదు. బ్లాంకులు తీసేశాకే పిచ్చుక పనిచేసే లెక్కల గదికి ఫైళ్ళు పంపడం పద్నాలుగేళ్ళ పద్ధతి. పిచ్చుక వాటిని చూడనే లేదు. లెక్కల గదిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"కోపమెందుకే? నా జాబితా నీ కాళ్ళకి అడ్డమొచ్చింది, దాటావు. అంతేగా."

"దెప్పకక్కా."

"దెప్పడం కాదు. దీవెన."

పిచ్చుక నవ్వి, వంగి చెప్పుల పట్టీ వదులు చేసుకుంది. "ఈ మధ్య ఏ జోడూ పట్టట్లేదు. కూర్చుని కూర్చుని పాదాలు దిబ్బల్లా అవుతున్నాయి. నాకు విభాగం ఇస్తే నిన్ను పక్కన కూర్చోబెట్టుకుంటాలే."

"నీ పక్కనా? నీ కిందా?"

పిచ్చుక చెప్పులు సర్దుకుని లేచింది. అటు డైరెక్టర్ పిలిచాడు, వెళ్ళిపోయింది.

మిషనక్క అక్కడే నిలబడి మనసులో పాత చిట్టా విప్పింది. ఈ ఉద్యోగానికి దాని దరఖాస్తు నింపింది ఎవరు? తను. ఇంటర్వ్యూకి దానికి తన చీర కట్టి పంపింది ఎవరు? తను. మూడేళ్ళు తిరక్కుండా దానికి కిటికీ పక్క గది. సంస్థ ఆవరణలో క్వార్టర్ కావాలని తను రెండుసార్లు అర్జీ పెడితే రెండుసార్లూ "చూద్దాం" అన్నారు. ఒంటరి మనిషని దానికి మాత్రం మొదటిసారే తాళం చేతిలో పెట్టారు. తను మొగుడితో ఊరి అవతల ఉంటూ రోజూ రెండు బస్సులు మారుతోంది. చిన్నప్పుడు గ్లాసులో పాలు పోసినా తనది ఎత్తి దాని గ్లాసు పక్కన పెట్టి చూసుకునేది. ఎప్పుడు చూసినా దాని గ్లాసే ఒక వేలెత్తు ఎక్కువుండేది.

గురువారం ఆ గ్లాసు ఒంపేస్తుంది.

*

మంగళవారం పొద్దున్నే మిషనక్క ఫ్రిజ్ మాస్టారి దగ్గరికి వెళ్ళింది. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రిజ్‌లు పదహారింటికి ఆయన కాపలా. మండు వేసవిలో కూడా స్వెట్టర్ తొడుక్కునే తిరుగుతాడు. ఎవరేం తీసుకెళ్ళినా ఆయన పుస్తకంలో సంతకం పెట్టాల్సిందే.

"సిబ్బంది రక్తం ఆరు గొట్టాలు కావాలి మాస్టారూ. మొన్న పరీక్ష కోసం మనవాళ్ళు ఇచ్చినవి."

"నాదీ ఉందిగా అందులో. ఏం తల్లీ, నాకేమన్నా పెళ్ళి సంబంధం చూస్తున్నావా?"

"మీ ఆవిడకి చెప్పమంటారా?"

"వద్దు వద్దు, తీసుకుపో."

ఆమె ఎత్తు చాలా సులువైనది. బ్లాంక్ ఒక్కటే చూపిస్తే పిచ్చుక ఏదో లెక్క చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఏ జబ్బూ లేని సిబ్బంది రక్తంలో కూడా 317 దండిగా ఉంటే ఇక మాటే లేదు. మురికి గొట్టాలదేనని రుజువైపోతుంది. ఆరు గొట్టాలకీ నంబర్లే ఉన్నాయి, పేర్లు లేవు. ఏ నంబరు ఎవరిదో తెలిసింది రక్తం తీసిన మిషనక్కకి మాత్రమే. ఒకటి తనది. రెండు మాస్టారిది. నాలుగు పిచ్చుకది.

మధ్యాహ్నానికి ఆరూ నడిచాయి. ఆరింటిలోనూ 317 లేచింది.

మిషనక్క కుర్చీ వెనక్కి వాల్చి గాలి పీల్చుకుంది. కమిటీ ముందు పిచ్చుక మొహం ఎలా పాలిపోతుందో, డైరెక్టర్ చేతులు ఎక్కడ దాచుకుంటాడో కళ్ళకి కట్టినట్టు కనిపించింది. కాగితం అచ్చు తీసింది.

ఆమెకి మాత్రం ఒక అలవాటుంది. ఏ బరువు కనబడ్డా దానికి నూట డెబ్బై ఆరు కలిపి అక్కడ కూడా ఒకసారి చూస్తుంది. ఒంట్లోకి పనికిరానిదేదైనా చేరితే, బయటికి నెట్టడానికి కాలేయం దానికి చక్కెర జాతి ముక్క ఒకటి అతికిస్తుంది. ఆ ముక్క అతుక్కుంటే పెరిగే బరువు ఎప్పుడూ నూట డెబ్బై ఆరే. ప్లాస్టిక్ గొట్టానికి కాలేయం లేదు కాబట్టి గొట్టం మురికికి ఆ ముక్క అతకదు.

మూడు వందల పదిహేడుకి నూట డెబ్బై ఆరు. నాలుగు వందల తొంభై మూడు.

అక్కడ పీక్ ఉంది.

మిషనక్క వెనక్కి వాలిన కుర్చీని ముందుకి లాగింది. బ్లాంక్‌లో చూసింది. 493 లేదు. ఖాళీ గొట్టం కడిగి నడిపింది. లేదు. ఆరు రక్తాల్లోనూ ఉంది. ఒకటో నంబరుకి ఒకటిన్నర, రెండో నంబరుకి రెండు, మూడుకి మూడు.

నాలుగో నంబరుకి అరవై.

పాతపేట రోగుల ఫైలు తెరిచి పక్కన పెట్టింది. యాభై, డెబ్బై, నలభై ఎనిమిది, అరవై ఐదు. పిచ్చుక రక్తం ఆ రోగుల వరసలో కూర్చుంటే ఎవరూ లేవమనరు.

అప్పుడామె మనసులో మొట్టమొదట మెదిలిన మాటని తర్వాత ఎన్నిసార్లు కడుక్కున్నా పోలేదు. 'ఇందులో కూడా దానికే ఎక్కువ' అనుకుంది.

*

బుధవారం ఆమె సంచిలో ఆరు గాజు సీసాలు పెట్టుకుని తిరిగింది. గొట్టం కాకపోతే నీళ్ళే. బ్లాంక్ చేసేది నీళ్ళతోనే. ఇంటి నుంచి ఒక సీసా తెచ్చింది. ల్యాబ్ కుళాయి, శుద్ధి యంత్రం, క్యాంటీన్, పాతపేట వీధి పంపు, ఒక్కో చోట ఒక్కో సీసా నింపింది. ఆరోది క్వార్టర్స్‌లో నింపాలి.

"ఏంటీ, దారి తప్పావా?" అంది పిచ్చుక తలుపు తీస్తూ. మధ్యాహ్నం భోజనానికి వచ్చి ఉంది. మూడేళ్ళలో మిషనక్క ఆ గడప తొక్కడం నాలుగోసారి.

గది నిండా వెలుతురు. రెండు కిటికీలు, గోడకి తెల్లసున్నం, కింద జారని పలకలు. వంటగట్టు మీద ఒక్క మరకైనా లేదు. తన ఇంట్లో వంటగదికీ స్నానాలగదికీ మధ్య తడిక కట్టిన సంగతి గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

"రేపటికి నీళ్ళ శాంపిల్ కావాలే. మామూలు తనిఖీ."

"పట్టుకో. ముందు ఇది తాగు, ఎండన పడొచ్చావు." పిచ్చుక గ్లాసు నిండా కుళాయి నీళ్ళు పట్టి ఇచ్చింది, తనూ ఒకటి పట్టుకుని గటగటా తాగింది. "ఈ మధ్య దాహం ఎక్కువైంది నాకు. రోజుకి నాలుగు లీటర్లు తాగుతున్నా. మంచిదేగా, కిడ్నీలు కడిగినట్టు ఉంటుంది."

మిషనక్క గ్లాసు పెదవులదాకా తీసుకెళ్ళి కిందపెట్టింది.

చెప్పెయ్యాలి. ఒక్క మాట. కానీ చెబితే పిచ్చుక ఇప్పుడే పరుగెడుతుంది. తన 493ని పట్టుకుని రేపు కమిటీ ముందు నిలబడుతుంది. అదెంత బాగా మాట్లాడుతుందో అందరికీ తెలుసు. మళ్ళీ చప్పట్లు. లేదు, రేపు ఒక కాగితమే బయటికి వస్తుంది, బ్లాంక్ కాగితం. పిచ్చుక లెక్క కూలిపోతుంది. తర్వాత నెలకో, రెండు నెలలకో రెండో కాగితం మిషనక్క పేరుతో వస్తుంది. దాని ఒంటి సంగతి మాత్రం రేపు సాయంత్రమే చెప్పేస్తా. ఒక్క రోజులో కొంపలేం మునుగుతాయి?

సీసా నింపుకుని, మూత గట్టిగా బిగించి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి లెక్క తేలింది. ఇంటి నీళ్ళలో 317 లేదు. మిగతా అయిదింటిలోనూ ఉంది. శుద్ధి యంత్రం కూడా దాన్ని ఆపడం లేదు. ఎప్పట్నుంచి? పాత బ్లాంకులు తిరగేసింది. ఆరేళ్ళ కిందట ఒక విడతలో లేదు, ఆ పై నెల విడతలో ఉంది.

"మాస్టారూ, ఆరేళ్ళ కిందట ఇక్కడ నీళ్ళకి ఏమైనా జరిగిందా?"

"ఎందుకు జరగలేదు! పాతపేట నుంచి మన గేటుదాకా రోడ్డంతా తవ్విపారేశారు. పాత పైపులు మార్చడం దండగని లోపల ఏదో పూత పూశారు. పది రోజులు స్నానాల్లేవు. మా ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయింది. నా జీవితంలో అంత ప్రశాంతంగా ఉన్న రోజులు మళ్ళీ రాలేదు తల్లీ."

మిషనక్క రెండు కాగితాలు సిద్ధం చేసుకుంది. మొదటిది ఫైల్లో పెట్టింది. రెండోది, 493 అంకెలూ ఆరు సీసాల లెక్కా ఉన్నది, మడిచి చేతిసంచి అడుగున దాచింది.

*

గురువారం పదకొండు గంటలకి కమిటీ కూర్చుంది. ముగ్గురు. అధ్యక్షురాలు కళ్ళజోడుకి గొలుసు కట్టుకున్న పెద్దావిడ, నవ్వడం మానేసి ఏళ్ళయినట్టుంది. పిచ్చుక ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఎక్కడా తడబడలేదు. పెద్దావిడ కూడా రెండుసార్లు తలూపింది.

"ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అన్నాడు డైరెక్టర్, మాట వరసకి.

మిషనక్క లేచింది.

"ఇది ఇవాళ నడిపిన బ్లాంక్. రక్తం లేదు, ఖాళీ గొట్టంలో నీళ్ళు మాత్రమే. ఇదిగో 317. ఆరేళ్ళుగా నా చెత్త జాబితాలో ఉంది. ఏ జబ్బూ లేని మన సిబ్బంది ఆరుగురిలోనూ ఉంది. లెక్కల గది ఈ ఫైళ్ళు చూడలేదు."

ఆమె అనుకున్నట్టే డైరెక్టర్ రెండు చేతులూ బల్ల కిందికి వెళ్ళిపోయాయి. అనుకున్నట్టే పిచ్చుక మొహం పాలిపోయింది. అనుకోనిది ఒక్కటే. పిచ్చుక వాదించలేదు.

"అక్క చెప్పింది నిజం," అంది. "నేను బ్లాంకులు చూడలేదు. తప్పు నాదే."

పెద్దావిడ కళ్ళజోడు తీసింది. "అయితే నాలుగు వందల శాంపిళ్ళూ మురికి పట్టినవేగా. ఇలాంటివి ఉంచడానికి మా నియమాలు ఒప్పుకోవు. ఈ సాయంత్రమే కాల్చెయ్యండి. పాతపేట పని ఇక్కడితో మూసేద్దాం. విభాగం సంగతి..." అని మిషనక్క వైపు చూసింది. ఆ చూపులో కుర్చీ స్పష్టంగా కనిపించింది. "మీలాంటి జాగ్రత్త ఉన్నవాళ్ళే కావాలి."

కాల్చెయ్యడం. ఇది మిషనక్క లెక్కలో లేదు. శాంపిళ్ళు పోతే రెండో కాగితానికి ఏం విలువ? పోనీ, సిబ్బంది గొట్టాలు ఆరున్నాయి, పాతపేటలో రక్తం మళ్ళీ తీయొచ్చు, ఏడాది పట్టినా సరే, అని గబగబా కూడికలు వేసుకుంటూ చెల్లెలి వైపు చూసింది.

పిచ్చుక గొంతు ఆరిపోయినట్టుంది. బల్ల మీది నీళ్ళ గ్లాసు ఎత్తి నోటి దగ్గర పెట్టుకుంది.

"తాగకే!"

ఆ అరుపు తనదేనని మిషనక్కకి అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. గ్లాసు గాల్లో ఆగింది. బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ తిరిగాయి.

"ఎందుకు?" అంది పెద్దావిడ.

మిషనక్క సంచి బల్ల మీద బోర్లించింది. బస్ పాసు, దువ్వెన, తాళాలు, వాటి మధ్య మడిచిన కాగితం. దాన్ని విప్పి చెల్లెలి ముందుకి తోసింది.

వివరించే అవసరం రాలేదు. పిచ్చుక మూడుసార్లు కళ్ళు పైకీ కిందికీ తిప్పింది. "నాలుగు వందల తొంభై మూడు... నూట డెబ్బై ఆరు పెరిగింది," అని గొణిగి, లేచి సుద్దముక్క అందుకుంది.

"317 గొట్టంలోది కాదు, నీళ్ళలోది. మన బ్లాంక్‌ని కూడా ఆ నీళ్ళతోనే చేస్తున్నాం. బ్లాంక్ అసలు బ్లాంకే కాదు. ఆ నీళ్ళు తాగిన ఒళ్ళు దాన్ని 493గా మారుస్తుంది. గొట్టం ఆ పని చెయ్యలేదు. చూడండి, ఈ ఒకటో మనిషిలో 317 తక్కువ. ఇక్కడి నీళ్ళు తక్కువ తాగుతారన్నమాట. రెండో మనిషిలో 317 చాలా ఉంది, 493 మాత్రం రెండే. నాలుగో మనిషి కూడా దాదాపు అంతే నీళ్ళు తాగారు, కానీ 493 అరవై! నీళ్ళు అవే, ఒళ్ళు వేరు. మార్చే వేగం ఎవరికి ఎక్కువో వాళ్ళ కిడ్నీల మీదే బరువు పడుతోంది. ఒకే వీధిలో ఒకరు పడిపోయి, పక్కింటివాళ్ళు గుండ్రాయిలా ఎందుకుంటున్నారో ఇదీ జవాబు!"

మిషనక్క రెండు రోజులు తవ్వి తీసినదాన్ని పిచ్చుక రెండు నిమిషాల్లో చెప్పేసింది. తను చెప్పగలిగినదానికంటే బాగా చెప్పింది. ఇంత జరిగాక కూడా మిషనక్క కడుపులో అగ్గిపుల్ల భగ్గుమంది. సిగ్గేసింది. అయినా ఆరలేదు.

"అంటే రెండో మనిషి బతికిపోయినట్టేనా అమ్మా?" అన్నాడు గోడ దగ్గర నిలబడ్డ మాస్టారు, స్వెట్టర్ గుండీలు తడుముకుంటూ. అది తనేమోనని ఆయనకి అనుమానం వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

పెద్దావిడ గ్లాసులన్నీ పక్కకి తీయించింది. శాంపిల్ ఒక్కటి కూడా కదలకూడదంది. నీళ్ళ శాఖకి ఇప్పుడే ఫోన్ చెయ్యమంది. తర్వాత మిషనక్క వైపు తిరిగింది.

"ఈ కాగితం ఎప్పటిది?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ కాగితం మూలన తేదీ, సమయం యంత్రమే వేస్తుంది.

"రక్తం సంగతి మంగళవారం తెలిసింది. నీళ్ళ సంగతి నిన్న."

"ఇవాళ గురువారం," అంది పెద్దావిడ. విభాగం పిచ్చుకదేనని పావుగంట తర్వాత డైరెక్టర్ చదివాడు. ఈసారి చప్పట్లు లేవు. పిచ్చుక వినిపించుకుంటున్నట్టు కూడా లేదు. అక్కనే చూస్తోంది.

*

రక్తం తీసే గదిలో ఇద్దరే ఉన్నారు. పిచ్చుక తలుపు వేసింది.

"నాలుగో నంబరు ఎవరిది?"

మిషనక్క బల్ల మీది గొట్టాలు వరస పెట్టసాగింది.

"అక్కా, నాలుగో నంబరు ఎవరిది?"

"నీది."

పిచ్చుక కుర్చీలో మెల్లగా కూర్చుంది. తన పాదాలకేసి చూసుకుంది, చెప్పుల పట్టీలు దిగిన గుర్తులకేసి.

"నిన్న మా ఇంటికొచ్చావు. నేనిచ్చిన నీళ్ళు నువ్వు తాగలేదు. నేను తాగుతుంటే మాత్రం చూస్తూ కూర్చున్నావు."

"సాయంత్రం చెబుదామనుకున్నానే..."

"ఏ సాయంత్రం? నీకు కుర్చీ వచ్చాకా?"

బయట ఎవరో నీళ్ళ డ్రమ్ములు దొర్లిస్తున్నారు.

"నీదెంత?" అంది పిచ్చుక.

"ఒకటిన్నర."

"నాకు అరవై. చిన్నప్పుడు గ్లాసులు కొలిచేదానివి, ఇప్పుడు కొలుచుకో." నవ్వబోయి ఆగింది. "ఆ క్వార్టర్ నీకే ఇచ్చి ఉంటే బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది. చూశావా? నేనూ నీ చెల్లెల్నే."

మిషనక్కకి అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చేతి తొడుగులు తొడుక్కుంది, సొరుగు లాగి కొత్త సూది తీసింది. "డాక్టరుతో మాట్లాడా. మూడింటికి చూస్తానన్నాడు. ఈలోపు తాజాగా తీసి నడపాలి. మొన్నటిది పాత రక్తం, ఇప్పుడెలా ఉందో తెలియాలి."

"నిన్ను క్షమించేశానని అనుకోకు."

"అనుకోను."

"ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకు. నువ్వే నడుపు. మూడుసార్లు."

పిచ్చుక చెయ్యి చాపింది. మిషనక్క రబ్బరు పట్టీ బిగించి మోచేతి దగ్గర వేలితో తడిమింది. మొదటి స్పర్శకే నరం దొరికింది.

"నీకు నరాలు కూడా ఎంత చక్కగా దొరుకుతాయో చూడు. నాకైతే నాలుగుసార్లు పొడవాలి," అనేసింది.

"నోరు మూసుకుని పొడువు," అంది పిచ్చుక.

మొదటి గొట్టం నిండింది. రెండోది పెట్టింది.

"క్వార్టర్ ఇవాళే ఖాళీ చేస్తా," అంది పిచ్చుక కళ్ళు మూసుకునే. "మీ ఇంటికొస్తున్నా. బావని హాల్లో పడుకోమను. మంచంలో గోడ వైపు నాది."

"గోడ వైపు నాది," అంది మిషనక్క, మూడో గొట్టం అందుకుంటూ.